విప్పి ఉంచిన కారు

ఆ ఎండాకాలమంతా మా షెడ్డులో ఒక కారు విప్పదీసి పడి ఉంది. షెడ్డులో పట్టేవే రెండు బండ్లు. ఒక చోటు దానికే పోతే, మిగిలిన ఒక్క చోటుతో మేమిద్దరం సంసారం లాక్కొచ్చాం. మా ఆయనది రేకు పని. గుద్దుకుని సొట్టలు పడ్డ బండిని కొట్టి, సాగదీసి, అతికి మళ్ళీ బండి ఆకారానికి తెస్తాడు. ఆ తర్వాత లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు కొట్టేది నేను. పదహారేళ్ళుగా ఇదే పని. ఇద్దరి ఊపిరితిత్తుల్లో ఎన్ని రంగులున్నాయో మాకే తెలీదు.

ఆ కారు మా అమ్మది.

అమ్మ ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ నేర్పింది. ఊళ్ళో స్టీరింగ్ పట్టినవాళ్ళలో సగం మంది ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళే. వెనకాల అందరూ 'స్టీరింగమ్మ' అనేవాళ్ళు. ఆ సంగతి అమ్మకి తెలుసు, ఏమీ అనుకునేది కాదు. యాభయ్యో ఏట, పొద్దస్తమానం జనానికి నేర్పే డొక్కు బండి కాకుండా తనకంటూ ఒకటుండాలని, నేలకి కరుచుకున్నట్టుండే రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుంది. నలుగురూ నవ్వారు. మనవలొస్తే ఎక్కడ కూర్చోబెడతావని ఎవరో అడిగితే, వాళ్ళ బండి వాళ్ళనే కొనుక్కోమంటానంది. పద్దెనిమిదేళ్ళు తోలింది. వానొచ్చినా వరదొచ్చినా ఆ కారులోనే.

ఎండలు ముదిరిన కొత్తలో ఒక పొద్దున ఆ కారేసుకుని షెడ్డులోకి వచ్చింది. వచ్చి, మా రంగు కొట్టే కంప్రెసర్‌కి ముందు బంపరు ఆనించి ఆపింది. గోడకీ బండికీ మధ్య వేలెడు జాగా వదిలి ఆపడం ఎలాగో ఊరందరికీ నేర్పిన మనిషి. కంప్రెసర్ అరడుగు వెనక్కి జరిగింది. మా ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎడమవైపు ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా గీరుకుపోయిన గీత, దాని నిండా ఆకుపచ్చ రంగు.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"గేటు."

"గేటుకేమైంది?"

"దానికేం కాలేదు" అని, అమ్మ పక్క సీట్లోంచి ఒక పత్రిక తీసి, అందులో మడత పెట్టి ఉన్న పేజీ చింపి మా ఆయన చేతిలో పెట్టింది. అదే కంపెనీ, అదే పేరు, ఆ ఏడాది కొత్తగా వచ్చిన మోడల్. పాతదానికి గుండ్రటి దీపాలైతే దీనికి కత్తితో గాటు పెట్టినట్టు సన్నటి దీపాలు. మూతి వెడల్పు. వెనక ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే ఎర్ర గీతలా లైటు. తన బండిని అలా మార్చిపెట్టమంది.

మా ఆయన పేజీ చేత్తో పట్టుకుని కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కొత్తది జానెడు పొడుగెక్కువని, మడ్‌గార్డులు కోసి సాగదీయాలని, బానెట్టూ బంపర్లూ ఫైబర్‌తో పోయించాలని, దీపాలకి గూళ్ళు కొత్తగా కట్టాలని ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఇంతా చేస్తే లోపల ఇంజనూ పాతదే, సీట్లూ పాతవే, ముసలాయన తలకి రంగేసుకున్నట్టుంటుంది తప్ప ఏం లాభం అన్నాడు.

"నువ్వు వేసుకోవట్లేదా అల్లుడూ?" అంది అమ్మ.

అతను తల తడుముకుని, అయిదు వారాలు పడుతుందన్నాడు. ఆలస్యమైతే తిడుతుందేమోనని, ఇంకో వారం అటూ ఇటూ అని కూడా కలిపాడు.

"తొందరేం లేదు" అంది అమ్మ.

టీ మరిగేదాకా ఆగలేక సగం కాగిందే వంచుకు తాగే మనిషి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. విన్నందుకు ఆశ్చర్యపోవాల్సింది. కానీ నా గుండెల మీద అప్పటికే వేరే బండ ఉంది.

దానికి పది రోజుల ముందు అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అద్దాల నంబరు మారి ఉంటుందిలే అనుకుని వెళ్ళాం. ఆ డాక్టరమ్మ చాలాసేపు లైటు వేసి చూసి, రెండు కళ్ళలోనూ చూపు నడిమధ్య చెడిపోతోందని, అంచులు నిలబడతాయని, మధ్యది తిరిగి రాదని చెప్పింది. మనిషి వైపు చూస్తే చెవులు కనపడతాయి, ముఖం కనపడదన్నమాట. ఇక బండి ముట్టుకోవద్దంది. అమ్మ బుద్ధిగా తలూపింది. బయటికొచ్చాక, "చిన్నపిల్ల, ఇంకా చదువుకుంటున్నట్టుంది" అని, నేరుగా కారు దగ్గరికి నడిచి, తలుపు తీసి, నన్ను ఎక్కమంది.

ఎక్కాను. వద్దనకుండా ఎక్కి కూర్చున్నానే, అదే ఇప్పటికీ నన్ను తినేస్తుంది. ఇంటిదాకా సీటు అంచు గోళ్ళతో పట్టుకుని కూర్చున్నాను.

తమ్ముడు వేరే ఊళ్ళో ఉంటాడు. నిజం చెప్పాలంటే ఫోన్లో ఉంటాడు. విషయం చెబితే తాళాలు లాక్కోమన్నాడు. నువ్వొచ్చి లాక్కో అన్నాను. నువ్వు దగ్గరున్నావు కదక్కా అన్నాడు. దగ్గరున్నవాళ్ళకి ఎప్పుడూ అదే శిక్ష. రోజూ పొద్దున లేచి, ఈరోజు చెప్పెయ్యాలి అనుకోవడం, అమ్మ ముఖం చూసి మింగెయ్యడం. వంద గజాలు నడవని మనిషి. ఆ కారే ఆమె కాళ్ళు. కాళ్ళు తీసేస్తానని కన్నతల్లికి ఎలా చెప్తాం?

ఇప్పుడు ఆ తాళాలు ఆమే తెచ్చి మా షెడ్డు గోడ మేకుకి తగిలించి పోయింది. వాటి వంక చూస్తూ నిలబడితే నాకు తట్టింది. బండి విప్పి ఉన్నంతకాలం అమ్మ రోడ్డెక్కదు. ఏమీ చెప్పక్కర్లేదు, ఏదీ లాక్కోనక్కర్లేదు. విప్పాలి, బిగించకుండా ఉండాలి, అంతే.

మొదటి రెండు వారాలు నిజంగానే పని చేశాం. మా ఆయన పాత దీపాలు పీకి, మడ్‌గార్డులు కోసి, కొత్త రేకు అతికాడు. ఒకపక్క అతికితే రెండోపక్క దానికి సరిపోయేది కాదు. పత్రికలో కాగితం చదునుగా ఉంటుంది, బండి చదునుగా ఉండదు కదా అని గొణుక్కునేవాడు. సీట్లు తీసి కింద పెట్టాం. అమ్మ రోజూ పదింటికల్లా రెండు వీధుల అవతల నుంచి మెల్లగా నడిచొచ్చి, నేల మీదున్న తన డ్రైవర్ సీట్లోనే కూర్చునేది. దారినపోయేవాళ్ళు పలకరిస్తే "ఆఁ, నువ్వా! బాగున్నావా?" అనేది. ప్రతివాళ్ళనీ అదే మాట. పేరు పెట్టి ఎవర్నీ పిలవడం లేదని నేను మూడోరోజున గమనించాను. గమనించి, లప్పం కలుపుకుంటూ తల వంచుకున్నాను.

మూడో వారం నుంచి దొంగపని మొదలుపెట్టాను. కొత్త దీపాలు వస్తే అద్దం మీద గీత ఉందని తిప్పి పంపాను. గీతా లేదు గీమా లేదు. ఫైబర్ బానెట్ వంకరపోయిందని ఇంకోటి పోయించమన్నాను. వంకరపోయిన మాట నిజమే. ఎండలో బోర్లించింది నేనే. మడ్‌గార్డులకి రంగుకి ముందు వేసే ప్రైమర్ కొట్టిన మర్నాడు, మా ఆయన సామానుకి బజారెళ్ళిన గంట చూసుకుని, గీకి పారేశాను. దుమ్ము పడిందన్నాను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ గీకాను.

పని చేస్తే వచ్చే అలసట వేరు. సాయంత్రానికి చేసింది కళ్ళముందు ఉంటుంది, ఒళ్ళు నొప్పులకి అర్థం ఉంటుంది. చేసింది చెరిపే పనికి ఆ పాటి సుఖం కూడా లేదు. రేకు వేడికి షెడ్డు పెనంలా కాలేది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, బకెట్లో కాగితం ముంచి రుద్దుతుంటే, మోచేతుల మీంచి బూడిదరంగు నీళ్ళు కారేవి. ఇంటికెళ్ళి కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు.

లాండ్రీ వ్యాను నడిపే ఆయన ఒకడు, తలుపు సొట్ట తీయించుకోవడానికి వరసలో ఉన్నాడు. మూడురోజులకోసారి వచ్చి, తలుపు తాడుతో కట్టుకుని తిరుగుతున్నానమ్మా, మలుపు తిరిగితే దుప్పట్లు రోడ్డున పడుతున్నాయి అని మొత్తుకునేవాడు. వచ్చే వారం అనేదాన్ని. వచ్చే వారం కూడా అదే అనేదాన్ని.

అయిదు వారాలూ దాటాయి. ఒకరోజు మా ఆయన బజారు నుంచి అనుకున్నదానికంటే ముందొచ్చాడు. నేను అప్పుడే ఎడమ మడ్‌గార్డు మీద ప్రైమర్ సగం గీకి ఉన్నాను. అతను సామాను కింద పెట్టి, ఆ రేకు మీద వేలు రాసి చూశాడు.

"దుమ్మేం లేదు" అన్నాడు.

నేను చెయ్యి ఆపలేదు.

"నీ చేత్తో కొట్టింది నీ చేత్తోనే గీకుతున్నావు. బయట నాలుగు బండ్లు తిరిగి వెళ్ళిపోయాయి. ఎవరి మీదే నీ కోపం?"

అప్పుడు చెప్పాను. డాక్టరమ్మ మాటలూ, నేను నోరెత్తకుండా కారెక్కిన సంగతీ, దీపాల మీద లేని గీతా, బానెట్టూ, అన్నీ. చెప్తున్నంతసేపూ అతను అత్తగారి సీట్లో కూర్చుని నేల చూస్తూ విన్నాడు. ఆ పూట అమ్మ ఇంకా రాలేదు.

"ఆవిడకి చెప్పెయ్యొచ్చుగా" అన్నాడు చివరికి.

"మీరు చెప్పండి."

అతనికీ డ్రైవింగ్ నేర్పింది అమ్మే. అతను నన్ను మొదటిసారి చూసింది కూడా ఆ నేర్పే బండి వెనక సీట్లోనే. లేచి, కుడి చెయ్యి ఎడమ భుజం మీద వేసి నొక్కుకున్నాడు. తర్వాత రేకు కోసే గ్రైండర్ తీసుకుని, కారు అటుపక్కకి వెళ్ళి, నాలుగు రోజులు కూర్చుని అతికిన కుడి మడ్‌గార్డు అతుకుని కోసేశాడు. నిప్పురవ్వలు నేలంతా చిమ్మాయి. మోత ఆగాక, నా వైపు చూడకుండా, "రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది" అన్నాడు.

అలా దొంగలం ఇద్దరమయ్యాం. ఇంకో మూడు వారాలు సాగదీశాం. అతను అతకడం, కొయ్యడం, నేను కొట్టడం, గీకడం. అతని భుజం పట్టేసి, పనిముట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంటూ పనిచేసేవాడు. రాత్రిళ్ళు ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయేవాడు. ఇద్దరం మాట్లాడుకోవడం కూడా తగ్గిపోయింది. మాట్లాడితే ఆ ఒక్క మాటే వస్తుంది, అది ఎవరో ఒకరు వెళ్ళి అమ్మకి చెప్పాలి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన ఇంటికెళ్ళి నడుం వాల్చాడు. షెడ్డులో నేనూ అమ్మా. నేను బకెట్ దగ్గర కాగితం నానబెడుతున్నాను. అమ్మ సీట్లోంచి లేచి, కారు దగ్గరికొచ్చి, ఎడమ మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా లాగింది. రంగు పనిలో పండినవాళ్ళు అలాగే చూస్తారు, కళ్ళు మూసుకుని, చేత్తో. అమ్మకి ఎవరూ నేర్పలేదు.

"బానే వచ్చింది. ఇక్కడొక్క చోట చిన్న అల ఉంది" అంది. తర్వాత, "ఇది నాలుగోసారా, అయిదోసారా?" అంది.

"ఏదమ్మా?"

"ప్రైమర్. వారానికోసారి కొత్తగా వాసనేస్తోంది. కళ్ళు పోతే ముక్కు కూడా పోతుందా?"

నేను కాగితం పిండాను. పిండి మళ్ళీ ముంచాను.

అమ్మ కారు మీద చెయ్యి తియ్యకుండానే చెప్పింది. బండి మా దగ్గరికి తెచ్చిన పొద్దున, మార్కెట్ దాటాక మలుపులో, బానెట్ మీద ఎవరో అరచేత్తో కొట్టిన చప్పుడైందట. బ్రేకు తొక్కిందట. తొక్కాక తల పక్కకి తిప్పి చూస్తే, సైకిలు పట్టుకుని ఒకామె. బంపరుకీ ఆమె మోకాలికీ మధ్య చెయ్యి పట్టదు.

"అంతకుముందు ఆమె లేదు" అంది అమ్మ. "రోడ్డుంది. ఆమె లేదు."

"ఏమంది?"

"బాగున్నారా మేడం అంది. నా దగ్గరే నేర్చుకుందట."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అమ్మ అది పోయేదాకా ఆగింది.

"ఇంటికి పోతే మర్నాడు మళ్ళీ తీస్తాను. నా సంగతి నాకు తెలీదా? అమ్మెయ్యండి అని చెప్పడానికి నోరు రాలేదు. అందుకని ఇటు తిప్పాను. మీరైతే విప్పి పడేస్తారని."

"మరి ఆ కొత్త మోడల్?"

"పత్రిక పక్క సీట్లో ఉంది. ఏదో ఒక పని చెప్పకపోతే విప్పరు కదా."

అంది గానీ, నవ్వలేదు. నేను గీకుతున్నానని తెలిసినప్పుడు మొదట్లో మంచిదేలే అనుకుందట. ఇప్పుడు గ్రైండర్ మోత ఆగి ఆగి వస్తోంది, అల్లుడు చెయ్యి మార్చుకుంటున్నాడు, ఇంక చాలు అంది. "బిగించెయ్యండి. నేను తోలను."

ఎనిమిది వారాలుగా ఆ మాట కోసం ఎముకలు అరగదీసుకున్నాం. తీరా విన్నాక నాకు ఏడుపూ రాలేదు, హమ్మయ్య అని కూడా అనిపించలేదు. బాగా నిద్రొచ్చింది. బకెట్ పక్కనే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. అమ్మ ఆ మడ్‌గార్డు మీద అల ఉన్న చోటే బొటనవేలితో రాస్తూ నిలబడింది. కాసేపటికి లేచి, కాగితం తెచ్చి, ఆమె వేలు ఎక్కడుందో అక్కడ రుద్దాను.

పదకొండు రోజుల్లో బండి తయారైంది. రంగు మాత్రం పాత ఎరుపే కావాలంది. వీధిలోకి తోసి నిలబెట్టాం. ఎండలో మెరిసింది, పనితనం బాగానే కుదిరింది. అమ్మ దానికెదురుగా నిలబడి, ముఖం పక్కకి తిప్పి, అటుపక్కన గోడని చూస్తున్నట్టుగా చూసింది. అలా చూస్తేనే ఆమెకి కొంచెం కనపడుతుంది.

"ఎలా ఉంది అల్లుడూ?"

"దూరం నుంచి కొత్తది" అన్నాడు మా ఆయన. "దగ్గరికొస్తే మనదే."

లాండ్రీ ఆయన వ్యాను ఎట్టకేలకి లోపలికి వచ్చింది. తలుపు బాగయ్యేదాకా అతను బయట ఎర్రకారు చుట్టూ ప్రదక్షిణలు చేశాడు. ఉద్యోగం చేస్తున్న కూతురుంది, ఆ పిల్లకి ఇలాంటి వాటి మీద పిచ్చి అన్నాడు. ఆ పిల్లకి కూడా నేర్పింది అమ్మేనని తేలింది. రివర్సు చేయడం ఎప్పటికీ రాలేదు దానికి అంది అమ్మ. బండి పాతదని, పైతొడుగు మాత్రమే కొత్తదని విప్పి మరీ చెప్పమంది. చెప్పాం. అయినా కొనుక్కున్నారు.

అమ్మ ఒక్క షరతు పెట్టింది. ఊళ్ళో ఏ వీధిలోనైనా తోలుకోమను, ఈ వీధిలోంచి, మా వీధిలోంచి మాత్రం రావద్దను అంది. పై రేకెంత మార్చినా ఆ ఇంజను చప్పుడు ఆమెకి తెలుస్తుంది. ఆ పిల్ల మాట నిలబెట్టుకుంది. ఇంతవరకూ నేను మళ్ళీ ఆ కారుని చూడలేదు.

అమ్మ మా ఇంటికొచ్చేసింది. ముందుగది ఆమెకిచ్చాం. తమ్ముడికి చెబితే, చూశావా, గట్టిగా చెబితే వింటుందని నేనన్నానా లేదా అన్నాడు. వాదించే ఓపిక లేక అవునన్నాను.

ఎండలు తగ్గుముఖం పట్టిన ఒకరోజు అమ్మ, లైసెన్సు ఇచ్చేసి వద్దాం రమ్మంది. గడువు ఇంకా రెండేళ్ళుంది. లైసెన్సు ఆఫీసు కౌంటర్లో కూర్చున్న గుమాస్తా అమ్మని చూసి లేచి నిలబడ్డాడు. తనెవరో అతను చెప్పకుండానే అమ్మ "ఆఁ, నువ్వా! బాగున్నావా?" అంది. ఇది ఇవ్వాల్సిన పనేం లేదు మేడం, ఇంట్లో పెట్టుకోండి, దానంతటదే పోతుంది అన్నాడతను. అమ్మ ఒప్పుకోలేదు. తీసుకున్నట్టు కాగితం రాసి, ముద్ర వేసి ఇమ్మంది. అతను రాసి ఇచ్చేసరికి అరగంట పట్టింది. ఆ కాగితం మడిచి నాకిచ్చింది.

బయటికొచ్చాం. పెద్ద రోడ్డు. బస్టాపు అవతల ఉంది. అమ్మ ఆ రోడ్డు మీద ఎన్ని వేలసార్లు తోలిందో లెక్క లేదు. నడిచి దాటిందో లేదో నాకు తెలీదు. అంచున నిలబడి ముందు కుడికి, తర్వాత ఎడమకి, తల వాల్చి ఆ పక్కచూపు చూసింది. బండ్లు పోతూనే ఉన్నాయి. ఇంకోసారి చూసింది. తర్వాత చూడడం మానేసి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమొస్తోంది?"

"బస్సు. దాని వెనక రెండు బైకులు."

"ఎంత దూరం?"

"మందులషాపు దగ్గరున్నాయి."

"దాటొచ్చా?"

"ఆగు" అన్నాను.

ఆగింది. బస్సు మా ముందునుంచి వేడిగాలి కొట్టుకుంటూ పోయింది. బైకులు పోయాయి. అప్పటిదాకా నాకు కనపడని మూడో బైకు ఒకటి వచ్చింది, అదీ పోయింది. నేను రెండువైపులా ఇంకోసారి చూశాను.

"ఊఁ, ఇప్పుడు" అన్నాను.

అమ్మ ఏ వైపూ చూడకుండా రోడ్డు మీద అడుగు పెట్టింది.